ఒకటిన్నర అంగుళం

ఆ బొమ్మను పాతపంచెలో చుట్టి తెచ్చినాడు
ఓబుళపతి నాయుడు.
"మా పెద్దల కాలంది ఉసేనప్పా,
చినక్కుండా పటం కట్టు" అన్నాడు.

ఆదోనిలో మార్చి నెల.
జిన్నింగ్ మిల్లు వదిలిన దూది
అద్దం తుడిచేలోపే మళ్లీ వాలుతుంది.
అంగడి గడప మీద కూచుని
బొమ్మను ఎండకు ఎత్తి పట్టుకున్నాను.

రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మ.
చెక్కిన తెల్లదొర ఎవరో మన సీమ ఎరగడు.
బండగుట్ట మీది కోటకు కొబ్బరిచెట్లు నాటినాడు,
పాలెగానికి ఢిల్లీ తలపాగా చుట్టినాడు.
కింద ఇంగ్లీషులో ఒక వరుస,
సగం చెదలు తిన్నాయి.
మిగిలిన సగం మా చిన్నపాప కూడబలుక్కొని చెప్పింది:
"రాజు బిడ్డను మింగిన మంత్రగత్తె."

పాలెగాడు వేలు చూపిస్తున్నాడు.
ఆ వేలికి అవతల, కాగితం అంచున
పడిపోబోతున్నట్టు ఆమె.
ఆమె ముందు నేల మీద సాక్ష్యాలు:
చాట, ఆముదం గిన్నె, పసుపుకొమ్ము,
వేపమండ, నూలుపోగు,
జానెడు కొడవలి.

ఇవి నేనెరుగుదును.
మా జేజి దస్తగిరమ్మ సంచిలో ఇవే ఉండేవి.
నడిరేయి ఎవరు తలుపు తట్టినా
చెప్పులు వెతుక్కోకుండా పోయేది.
తెల్లారి వస్తే చేతులకు ఆముదం వాసన,
కొంగున మానెడు కొర్రలు.
కొన్నిసార్లు కొర్రలు ఉండేవి కాదు.
ఆ పొద్దు ఎవరితోనూ మాట్లాడేది కాదు,
కొడవలిని బూడిదతో
తోమిందే తోమేది.

భూతద్దం పెట్టి చూసినాను.
పాలెగాని మీసం దగ్గరే నాకు లెక్క తప్పింది,
వెంట్రుకకొక గీత.
ఆమె మొగానికి మొత్తం పదకొండు.
కండ్లకు, ముక్కుకు, ముడతలకు సరిపోయినాయి,
నోటి దగ్గరికి వచ్చేసరికి చెక్కేవానికి
ఓపికో, వెలుతురో అయిపోయినట్టుంది.

అప్పుడు కనబడింది,
వేలు చూపేది ఎడమచెయ్యి.
కత్తి కుడిపక్క వేలాడుతోంది.
తీర్పు రాసే కరణానిదీ ఎడమచెయ్యే,
వక్కాకు అందించే దాసిదీ ఎడమచెయ్యే.
అచ్చులో అంతేనంట,
రేకు మీది కుడి కాగితం మీద ఎడమవుతుంది.
తప్పు ఎవరిదీ కాదు.

కానీ మా వీధిలో
కుక్కకు ముద్ద వేసినా కుడిచేత్తోనే వేస్తాం.
ఆ సభలో అందరూ ఎడమచేతులతో
ఒక మనిషి ప్రాణం తూకం వేస్తున్నారు.
చేతబడి అంటే ఏ చేతిదో
చెక్కినవానికి తెలియకుండానే
రాగిరేకు సాక్ష్యం చెప్పింది.

సాయంత్రం నాయుడు మళ్లా వచ్చినాడు,
చంకలో పాత టేకు చట్టం.
"మా తాతది. దీంట్లోనే పట్టాల.
ఆ పక్క ఒకటిన్నర అంగుళం తీసెయ్.
మా పెద్దాయన ఉంటే సాలు,
నట్టింట్లో ఆ యమ్మ యాల?"

"వేలు ఉత్తగాలికి చూపినట్టుంటుంది గదా నాయుడా?"

"ఉండనీలే. ఆజ్ఞ ఇస్తాన్నట్టు ఉంటాది."

స్కేలు పెట్టినాను. బ్లేడు మార్చినాను.
పెన్సిలు గీత సరిగ్గా
వేలికొసకూ ఆమె భుజానికీ నడుమ పడింది.
ముప్పైయేండ్లుగా కత్తిరిస్తున్న చెయ్యి,
నా చెయ్యే,
అక్కడ ఆగింది.

కత్తిరించలేదు.
అట్లని ఎదురూ చెప్పలేదు.
అంచును వెనక్కి మడిచినాను.
ఇప్పుడామె పాలెగాని వీపు వెనక,
గోడకు మొగం పెట్టి,
కొడవలితో సహా.
వెనకట్టకు మేకులు కొట్టలేదు,
మైదాబంకతో అంటించినాను అంతే.
వానాకాలం చెమ్మకు ఊడుతుంది, ఎప్పుడో.

నాయుడు పటాన్ని ఎత్తి చూసి మురిసిపోయినాడు.
అడిగినదానికి ఇరవై ఎక్కువే ఇచ్చినాడు,
కుడిచేత్తోనే.

నేను తీసుకున్నది
ఏ చేత్తోనో
గుర్తు లేదు.